అరసవల్లిలో సూర్యుడు, కువైట్ అవతల నక్షత్రం

కువైట్

చెల్లాయికి,

సైన్స్ ప్రదర్శనకి మీ బడి గుంటల చేత సౌరకుటుంబం చేయిస్తానన్నావు. థర్మాకోల్ అట్ట మీద ఎనిమిది రంగు బంతులు వరసగా గుచ్చేది మాత్రం వద్దు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు పెడతారు, పైగా అది తప్పు. అట్ట మీద సైజులు సరిపోతే దూరాలు కుదరవు, దూరాలు కుదిర్చితే గ్రహాలు కంటికి ఆనవు. అందుకే అట్ట కాదు, రోడ్డు కావాలి. అరసవల్లి గుడి దగ్గర్నుంచి టౌను వైపు వచ్చే రోడ్డు చాలు.

కొలత ఒక్కటే పెట్టుకో: మీటరు అంటే కోటి కిలోమీటర్లు. అప్పుడు మిల్లీమీటరు పదివేల కిలోమీటర్లవుతుంది, లెక్కలన్నీ నోటితోనే తేలిపోతాయి. సూర్యుడి అడ్డుకొలత 13.9 లక్షల కి.మీ. కాబట్టి 14 సెం.మీ. అట్ట బిళ్ళ కోసి పసుపు కాగితం అంటించండి. దాన్ని గుడి దగ్గరే పెట్టండి, సూర్యనారాయణస్వామి ఉండగా ఇంకెక్కడ పెడతాం! రథసప్తమి రోజుల్లో వద్దు, టేపు పరిచే సందు కూడా దొరకదు.

అక్కడి నుంచి 5.8 మీటర్ల దగ్గర బుధుడు, అర మిల్లీమీటరు పెన్ను చుక్క. 10.8 దగ్గర శుక్రుడు, 15 దగ్గర భూమి. రెండింటికీ తలో గసగసాల గింజ. 23 దగ్గర అంగారకుడికి సన్న రవ్వ పలుకు. వీటిని విడిగా పెడితే గాలికి పోతాయి, తెల్లట్ట ముక్కల మీద జిగురుతో అంటించి పేరు రాయండి. చంద్రుడి దగ్గరే పిల్లలు తప్పు చేస్తారు, ఇంకో అట్ట తీసుకుని అడుగు దూరంలో పెట్టేస్తారు. చంద్రుడు భూమికి 3.8 సెంటీమీటర్లే, అదే అట్ట మీద సన్న చుక్క పెడితే సరి. మనిషి ఇప్పటిదాకా వెళ్ళింది ఆ నాలుగు సెంటీమీటర్లే అని అక్కడ చెప్పు.

78 మీటర్ల దగ్గర గురుడు, 14 మి.మీ. ఉంటాడు, గోళీ సరిపోతుంది. శని 143 దగ్గర, 12 మి.మీ. మట్టి ఉండ, వలయం కాగితంతో, అంచు నుంచి అంచుకి 27 మి.మీ. యురేనస్ 287, నెప్ట్యూన్ 450 మీటర్లు, రెండూ పెసరగింజలే. 30 మీటర్ల టేపు జరిపిన ప్రతిసారీ చివర సుద్దముక్కతో గీత పెట్టించు, లేకపోతే నెప్ట్యూన్ దగ్గరికొచ్చేసరికి తేడా పేరుకుంటుంది. సెంటీమీటర్ల కోసం పేచీ పడొద్దు, ఇవి సగటు దూరాలు. బుధుడైతే 4.6కీ 7 మీటర్లకీ మధ్య తిరుగుతుంటాడు. గ్రహాలు నిజంగా ఇలా ఒకే గీత మీద నిలబడవని కూడా చెప్పు.

ఈ కొలతలో వెలుతురు సెకనుకి 3 సెంటీమీటర్లు, చీమ నడకన్నమాట. భూమిని చేరేసరికి 8 నిమిషాల 20 సెకన్లు, నెప్ట్యూన్‌కి నాలుగు గంటల పైనే. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక ఇప్పటికి 2,500 కోట్ల కి.మీ. దాటింది, అంటే రోడ్డు మీద రెండున్నర కిలోమీటర్లు.

మరి పక్క నక్షత్రం? ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాలు. కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం: 9.46 లక్షల కోట్ల కి.మీ. లెక్క వేస్తే 4,000 కిలోమీటర్లు వస్తుంది. అరసవల్లి నుంచి తిన్నగా కొలిస్తే నేనున్న కువైట్ కూడా చాలదు, ఇంకా అవతలికి వెళ్ళాలి. అంత దూరం పోతే దొరికేది రెండు సెంటీమీటర్ల ఉండ. మధ్యలో దాదాపు ఏమీ లేదు.

ఇదే కొలతతో గెలాక్సీకి, అంటే కోట్లకొద్దీ నక్షత్రాల గుంపుకి, వెళ్ళకు. మనం ఉన్న గెలాక్సీ, పాలపుంత, వెడల్పు లక్ష కాంతి సంవత్సరాలు, అది ఏ రోడ్డు మీదా పట్టదు. బడి ఆవరణలో కొత్త కొలత మొదలుపెట్టు. మీటరు వెడల్పున సుడి తిరిగిన ముగ్గు వేయించు, అదే పాలపుంత. అది పళ్ళెంలా ఉంటుంది, మందం ఈ కొలతలో ఒక సెంటీమీటరు. సూర్యుడు నడిమధ్యలో ఉండడు, 26 సెంటీమీటర్లు పక్కకి. ఆండ్రోమెడా గెలాక్సీ 25 మీటర్ల అవతల ఇంకాస్త పెద్ద ముగ్గు. 540 మీటర్ల దగ్గర కన్యారాశి గుంపు, వెయ్యికి పైగా గెలాక్సీలు ఒక్కచోటే.

నాకైతే అసలు చూపించాల్సింది ఈ తేడాయే. నక్షత్రాల మధ్య ఎడం వాటి సైజుకి కోట్ల రెట్లు, గెలాక్సీల మధ్య పాతిక రెట్లే. అందుకే గెలాక్సీలు ఢీకొంటుంటాయి, అప్పుడు కూడా వాటిలోని నక్షత్రాలు ఒకదానికొకటి దాదాపు తగలవు.

మనకి కనిపించే విశ్వం అంచు ఈ రెండో కొలతలో 465 కి.మీ., విజయవాడ దాటి. ఎవరో ఒక గుంట అడుగుతాడు చూడు: విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళయితే అంచు 4,650 కోట్ల కాంతి సంవత్సరాలెలా అయిందని. వెలుతురు వస్తున్నంతసేపూ దారి కూడా రబ్బరులా సాగింది. బయల్దేరిన చోటు ఇప్పుడు అంత దూరం జరిగిపోయింది. అంచు అంటే గోడ కాదు, అక్కడి దాకానే వెలుతురు మనకి అందింది.

కార్తీకంలో వెన్నెల లేని రాత్రి, తొమ్మిది గంటలకి, వీధి దీపాలు లేని చేల వైపు పిల్లల్ని తీసుకెళ్ళు. ఉత్తరానికి తిరిగి నడినెత్తి నుంచి కొంచెం దించి చూస్తే మసక మచ్చలా ఆండ్రోమెడా కనిపిస్తుంది. కళ్ళు చీకటికి అలవాటు పడాలి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫోను తెరవకూడదు. సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూడమను. పాతిక లక్షల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుతురది.

అమ్మకీ బాబుకీ నమస్కారాలు. గసగసాలు అమ్మ డబ్బాలోంచి అడిగి తీసుకో.

మీ అన్నయ్య