మీరు మూడుసార్లు మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుకుంటున్నాను. నా ఫిర్యాదును మీ వాళ్లు మూడుసార్లు మూసేశారు. మూడుసార్లూ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ ఒకటే: 'మీ సమస్య పరిష్కారమైంది.' అయిందని మీకు ఎవరు చెప్పారండీ? నన్నెవరూ అడగలేదు. ఇక ఫోన్లు చేసే ఓపిక లేక ఉత్తరం రాస్తున్నాను.

సమస్య చిన్నదే. మీ దగ్గర కొన్న కంప్యూటర్‌లో విండోస్ సెర్చ్ సర్వీసు, అంటే అడిగిన ఫైలు త్వరగా వెతికిపెట్టడానికి విండోస్‌లో ఉండేది, నా పాత ఫైళ్లన్నిటినీ వెనకాల చదువుతూ ఉంటుంది. పదిహేనేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, అన్నీ అనూ అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో చేసినవి. ఆ పీడీఎఫ్‌లలో పైకి కనిపించేది తెలుగే గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు. అది ఎంత చదివినా, 'కల్యాణ మహోత్సవం' అని వెతికితే నాకు ఒక్క కార్డూ దొరకదు. ఆ పనికిరాని చదువు కోసం డిస్క్ నూటికి నూరు శాతం వాడేస్తుంటే, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉండగా నేను కార్డులు చేసే పేజ్‌మేకర్ తెరుచుకోదు.

అందుకే ఆ సర్వీసు ఆపడం నేర్చుకున్నాను. కమాండ్లు కొట్టే నల్ల విండో, అదే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'నెట్ స్టాప్ డబ్ల్యూసెర్చ్' అని కొడితే ఆగుతుంది. డబ్ల్యూసెర్చ్ అంటే ఆ సర్వీసు పేరే. మళ్లీ మొదలవకుండా, సర్వీసుల సెట్టింగులు మార్చే 'ఎస్‌సీ కాన్ఫిగ్' కమాండ్‌తో డిసేబుల్డ్ అని పెడతాను. రాత్రి షాపు కట్టేముందు 'ఎస్‌సీ క్యూసీ డబ్ల్యూసెర్చ్' కొట్టి చూస్తే డిసేబుల్డ్ అనే ఉంటుంది. పొద్దున వచ్చి చూస్తే ఆటో స్టార్ట్, అంటే తనంతట తానే మొదలయ్యేలా మారి ఉంటుంది! ఏ ఫోల్డర్లు చదవాలో చెప్పే ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో నా పాత ఫైళ్ల ఫోల్డర్‌కి టిక్ తీసేస్తే, అదీ మర్నాటికి మళ్లీ పడి ఉంటుంది. విండోస్‌ను నేను తప్పుపట్టడం లేదు. కంప్యూటర్‌తో పాటు మీరు వేసి పంపిన మెయింటెనెన్స్ ప్రోగ్రామ్ మీదే నా అనుమానం. నేనడిగింది ఒక్కటే: దీన్ని మళ్లీ ఆన్ చేస్తున్నది మీ ప్రోగ్రామేనా? అయితే ఎక్కడ ఆపాలి?

మొదటిసారి ఫోన్ చేసి తెలుగు కోసం నంబరు నొక్కితే హిందీలో మాట్లాడారు. నలభై నిమిషాలు పాట వినిపించాక లైన్ కట్. రెండోసారి ఒక అమ్మాయి దొరికింది. "సెర్చ్ పనిచేయట్లేదా సార్?" అంది. "పనిచేస్తోందమ్మా, దాన్ని ఆపాలి" అన్నాను. "అంటే ఇప్పుడు ఆగిపోయిందా సార్?" అంది. నాలుగుసార్లు చెప్పాను. చివరికి 'సెర్చ్ పనిచేయడం లేదు' అని టికెట్, అంటే ఫిర్యాదు నమోదు, రాసింది. రీస్టార్ట్ చేయమని మెసేజ్ వచ్చింది, సాయంత్రానికి టికెట్ మూసేశారు.

మూడోసారి ఒక కుర్రాడు నా కంప్యూటర్‌లోకి రిమోట్‌లో వచ్చాడు. నల్ల విండో బదులు నీలం విండో, అంటే పవర్‌షెల్ తెరిచాడు. అదీ కమాండ్లు కొట్టేదే. అందులో 'ఎస్‌సీ స్టాప్ డబ్ల్యూసెర్చ్' అని కొట్టాడు. తెర మీద ఏమీ రాలేదు. "ఎర్రర్ రాలేదు కదా సార్, ఆగిపోయింది" అన్నాడు. బాబూ, పవర్‌షెల్‌లో ఎస్‌సీ అంటే వేరే, ఫైల్లో రాయడానికి వాడే కమాండ్ అది, చివర 'డాట్ ఈఎక్స్‌ఈ' పెట్టాలి అని చెబుతుంటే వినకుండా కాల్ పెట్టేశాడు. ఆ తర్వాత నా యూజర్ ఫోల్డర్ తెరిస్తే 'స్టాప్' అనే పేరుతో ఒక కొత్త ఫైలు ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. లోపల ఒక్క మాట: డబ్ల్యూసెర్చ్. సర్వీసు మాత్రం హాయిగా నడుస్తూనే ఉంది. పది నిమిషాల్లో 'పరిష్కారమైంది' అని మెసేజ్. ఆ ఫైలు ఇంకా తీసేయలేదు, ఉంచుకున్నాను.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. పని నేర్పకుండా అతన్ని ఆ సీట్లో కూర్చోబెట్టిన మీ మీదే నా కోపం.

నాలుగోసారి మాట్లాడినాయన పెద్ద ఆఫీసరునన్నాడు. "ఫార్మాట్ చేసేద్దాం సార్" అన్నాడు. మాఘమాసం ముహూర్తాలు నడుస్తున్నాయండీ, పదకొండు కార్డులు ప్రూఫు దశలో ఉన్నాయి, ఫార్మాట్ ఎలా చేస్తాను? "అయితే మేము చేయగలిగింది లేదు" అన్నాడు. ఆ టికెట్ కూడా మూసేశారు.

2011లో నా మొదటి కంప్యూటర్ మీదే. తర్వాత మా తమ్ముడి షాపుకి రెండు, మా అమ్మాయి చదువుకి ఒకటి, ఇప్పుడు ఇది. మా వీధిలో ఎవరు అడిగినా మీ పేరే చెప్పాను. ఈసారి ఎక్స్‌టెండెడ్ వారంటీకి కూడా డబ్బు కట్టాను. అన్నేళ్ల నమ్మకానికి ఒక్క అరగంట విని జవాబు చెప్పే మనిషిని ఇవ్వలేరా?

మొన్న ఆదివారం మీ మెయింటెనెన్స్ ప్రోగ్రామ్‌ను నేనే ఆపి చూశాను. సోమవారం, మంగళవారం, బుధవారం, మూడు రోజులూ పొద్దున డిసేబుల్డ్ అనే ఉంది. గురువారం ఆ ప్రోగ్రామ్‌ను మళ్లీ ఆన్ చేశాను. శుక్రవారం పొద్దున సెర్చ్ సర్వీసు ఆటో స్టార్ట్. రోజువారీ ఫొటోలు దీంతో జత చేస్తున్నాను.

పదిహేను రోజుల్లో విషయం తెలిసినవాళ్లు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ వారంటీ డబ్బు కూడా వెనక్కి రావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు. షాపు కోసం కొన్నాను కాబట్టి కుదరదని మీ లాయరు అనొచ్చు. బతుకుతెరువు కోసం సొంతంగా పని చేసుకునేవాడు కొన్నా వినియోగదారుడే అని అదే చట్టంలో ఉంది.

బిల్లు, వారంటీ రసీదు, మూడు టికెట్ల మెసేజ్‌లు, ఆ 'స్టాప్' ఫైలు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
తెనాలి