సైరీన్‌లో ముందు పూడిక తీయాలి

సంపాదకుడికి,

2023 సెప్టెంబరులో లిబియాను ముంచిన డేనియల్ తుపాను అనగానే దెర్నాలో తెగిన రెండు ఆనకట్టలే గుర్తొస్తాయి. వేల ప్రాణాలు పోయాయి కాబట్టి అది సహజమే. అదే వాన దెర్నాకు పడమరన, షహ్హాత్ పట్టణం పక్కనున్న ప్రాచీన గ్రీకు నగరం సైరీన్ మీదా కురిసింది. దగ్గర్లోని అల్ బైదాలో 24 గంటల్లో 414 మి.మీ. నమోదైంది. సైరీన్‌లో గోడలు కూలాయి, శిథిలాల మధ్య బురదనీరు నిలిచింది.

సైరీన్ పుట్టిందే నీటి కోసం. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన కథలో తేరా అనే గ్రీకు ద్వీపంలో ఏడేళ్లు చినుకు లేదు, ఒక్కటి తప్ప చెట్లన్నీ ఎండిపోయాయి. లిబియాలో ఊరు కట్టమని డెల్ఫీ గుడిలో గ్రీకు దేవుడు అపోలో వాక్కు. బాట్టస్ అనే నాయకుడి వెంట రెండు ఓడల్లో బయల్దేరినవాళ్లు లిబియా తీరంలోని ప్లాటియా దీవిలో రెండేళ్లు, ఆజిరిస్ అనే చోట ఆరేళ్లు గడిపారు. చివరికి స్థానిక లిబియన్లే వాళ్లను ఒక ఊట దగ్గరికి తీసుకెళ్లి, ఇక్కడ ఆకాశానికి చిల్లు ఉంది, అంటే వానలకు కొదవ లేదు, ఉండిపొమ్మన్నారు. అది క్రీ.పూ. 631 ప్రాంతం. సింహంతో ఒంటిచేత్తో కలబడిన కురేనే (సైరీన్‌కు గ్రీకు పేరూ ఇదే) అనే కన్యను అపోలో బంగారు రథంలో ఇక్కడికే తెచ్చాడని పురాణం. యేసు సిలువ మోసిన కురేనీయుడైన సీమోనుది ఈ ఊరే.

అపోలో ఆలయ ప్రాంగణం కొండ అంచు కింద, ఆ ఊట పక్కనే ఉంది. పైనుంచి వచ్చే నీళ్లన్నీ అటే దిగుతాయి. వాగు, పాత కాలువలు పూడిపోతే నీరు గోడల వెనక మట్టిలో దిగుతుంది. తడిసి బరువెక్కిన మట్టి గోడను ముందుకు నెడుతుంది. అందుకే పడిన రాళ్లు ఎత్తి పేర్చడం రెండో పని. మొదట వాగు పూడిక తీయాలి, కాలువల వాటం కొలవాలి, గోడ వెనక మట్టిని పైనుంచి పొరలుగా తీసి, అడుగున తూములు వదలాలి. అతుకులకు సున్నమే వాడాలి. సిమెంటు పెడితే తేమ బయటికి పోలేక మెత్తని సున్నపురాయిలోకే తిరుగుతుంది, ఉప్పు పేరుకుని రాయి పెచ్చులూడుతుంది.

యునెస్కో 1982లో సైరీన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2016లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టింది. ఇందులో మనకేం పని అనుకోనక్కర్లేదు. అశోకుడు 13వ శిలాశాసనంలో ధర్మసందేశం చేరిందని చెప్పిన యవన (గ్రీకు) రాజుల్లో ‘మగ’ అనేవాడు ఒకడు. సైరీన్‌ను ఏలిన మాగస్ అతడేనని చరిత్రకారుల మాట. ఆ శాసనాల వరుసే మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉంది.

భారత పురావస్తు శాఖ 1986 నుంచి 1993 దాకా కంబోడియాలో అంకోర్‌వాట్ మరమ్మతులు చేసింది. అక్కడ సిమెంటు, రసాయనాల వాడకం మీద వచ్చిన విమర్శలనూ గుర్తుంచుకుని, లిబియా పురావస్తు శాఖకు మన కేంద్ర ప్రభుత్వం అలాంటి సాయమే ప్రకటించాలి. పంపే మొదటి బృందంలో శిల్పాల నిపుణులతో పాటు వరదనీటి పారుదల తెలిసిన ఇంజినీరు తప్పనిసరిగా ఉండాలి. అక్కడ వానలు శీతకాలంలో పడతాయి, పూడిక పని వేసవిలోనే ముగియాలి.

– ఒక పాఠకుడు, కర్నూలు