సున్నం గోడ, కోతుల జాలీ, తోరణం పంచాయితీ: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదికలో మొదటి పేజీ మురికి కాలువకు, రెండో పేజీ బతుకమ్మకు పోతుంది. ఈ ఏడాది మాత్రం మనం మాట్లాడుకున్నది, పోట్లాడుకున్నది, డబ్బు ఖర్చుపెట్టింది దాదాపు అంతా కట్టడాల మీదే. సంఘం నడిచే పాత ఇంటిని ఎట్లా నిలబెట్టుకోవాలి, వీధి మొదట్లో గేటు ఎట్లా ఉండాలి అన్నవే ఆ రెండు విషయాలు. అందుకని కాలువ సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను, ఏమీ అనుకోకండి.

కొత్తగా చేరిన వాళ్ల కోసం ముందు ఇంటి గురించి. వరంగల్ మట్టెవాడలో మన లైబ్రరీ, మీటింగ్ హాలు ఉన్నది పాతకాలపు భవంతి ఇల్లు. నడుమ ఆకాశం, చుట్టూ నాలుగు వైపులా వసారా, టేకు స్తంభాలు, పైన గూనపెంకులు, కింద షాబాదు బండలు. గోడలు రెండడుగుల మందం. లోపల రాయి, మట్టి, పైన డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం. వారసులు ఊళ్లో లేరు. అమ్మితే అపార్టుమెంటు లేచేదే. అమ్మకుండా నామమాత్రపు అద్దెకు మనకిచ్చారు.

ఆ గోడలకు పదకొండేళ్ల కిందట మనమే అన్యాయం చేశాం. సున్నం పెచ్చులూడుతోందని మొత్తం చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, పైన ఆయిల్ పెయింట్ కొట్టించాం. అప్పటి కమిటీలో నేనూ ఉన్నాను, తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది. రెండేళ్లు అద్దంలా మెరిసింది. మూడో వానాకాలం నుంచి మోకాటి ఎత్తు దాకా గోడ ఉబ్బడం, ఉప్పు పూయడం, పెయింటు పొరలు పొరలుగా లేవడం మొదలైంది. కింది అరలో పెట్టిన పాత వారపత్రికల కట్టలకు బూజు పట్టింది. వేసవిలో మళ్లీ సిమెంటు పూయడం, వానల్లో మళ్లీ ఊడటం. మొత్తం నాలుగుసార్లు.

ఈసారి సున్నం పని తెలిసిన ఒక పెద్ద మేస్త్రిని పిలిపించాం. ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అట్లాగే నిలబడి, "రెయిన్‌కోటు తొడిగి ఎండల నిలబెట్టిన్రు గద సారూ, లోపల చెమట పొయ్యదా?" అన్నాడు. సంగతి అంతే. మట్టిగోడ కింది నుంచి తేమను పీలుస్తుంది. సున్నమైతే ఆ తేమను బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలదు. లోపల చిక్కిన నీరు ఉప్పును వెంటబెట్టుకొని బలహీనంగా ఉన్న చోట పొడుచుకొని వస్తుంది. పదకొండేళ్లుగా మనం రోగానికి పూస్తున్న మందే రోగమన్నమాట.

దసరా పోయాక పని మొదలుపెట్టాం. ఎండాకాలంలో సున్నం తొందరగా ఎండి పగుళ్లిస్తుంది కాబట్టి చలికాలమే మంచిదని మేస్త్రి మాట. పెరట్లో తొట్టి కట్టి కాల్చిన సున్నపురాయి వేసి నీళ్లు పోస్తే, తొట్టి అన్నం కుండలా కుతకుతమని ఉడికింది. పిల్లలను ఆ దరిదాపులకు రాకుండా కాపలా కాయడమే రెండు రోజులు పెద్ద పని. అట్లా చల్లారిన సున్నాన్ని వారాల తరబడి నీళ్ల కిందే ఉంచాం. ఒక డ్రమ్ములో కరక్కాయలు, ఇంకో డ్రమ్ములో బెల్లం నానబెట్టి ఆ నీళ్లతో సున్నం, ఇసుక కలిపారు. ఒకప్పుడు ఎడ్లు తిప్పే గానుగలో నూరేవారు, ఇప్పుడు మిక్సర్ మిషన్. నాలుగు రోజులు వీధంతా పులిసిన బెల్లం వాసన వచ్చిందని ఫిర్యాదు చేసిన ఇద్దరు సభ్యులకు ఇక్కడే క్షమాపణ చెప్తున్నాను. ఒక పూత ఆరాకే ఇంకో పూత, మూడు పూతలు పట్టాయి. సిమెంటులాగా ఇరవై నాలుగు గంటల్లో గట్టిపడేది కాదిది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల మీద మెల్లగా రాయి అవుతుంది. ఆలస్యమవుతోందని ఫోన్లు చేసిన వాళ్లందరికీ అదే జవాబు.

పనిలో ఒక పొరపాటు జరిగింది, దాచను. వైరింగ్‌కు వచ్చిన కాంట్రాక్టరు మనుషులు మేము లేని పూట టేకు దూలంలో గాడి చెక్కి పైపు దింపారు. జానెడు పొడవు. దూలానికి ప్రమాదం లేదని చూపించుకున్నాం కానీ ఆ గాటు ఇక పోదు. మిగిలిన వైరంతా గోడకు బయటే ఇత్తడి క్లిప్పులతో పోయేట్టు చేయించాం. నిజానికి అదే అందంగా ఉంది.

ఇక కోతులు. నడుమ వాకిట్లోకి దిగి చదువుకునే పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు లాక్కుపోతున్నాయని అందరికీ తెలుసు. పైన ప్లాస్టిక్ రేకు కప్పేద్దామని మెజారిటీ సభ్యులు అన్నారు. కప్పితే గాలి ఆగిపోయి, మే నెలలో లోపల పొయ్యి మీద పెనంలా ఉంటుందని ఆర్కిటెక్చర్ చదివిన మన వీధి అమ్మాయి వాదించింది. చివరికి ఆమె గీసిందే కట్టాం. నాలుగు సన్నని ఉక్కు స్తంభాలు, వాటి మీద ఉక్కు చట్రం, చట్రంలో తీగ జాలీ. పాత టేకు మీద దాని బరువు చిటికెడు కూడా పడదు. మొత్తం బోల్టులే, వెల్డింగు లేదు. రేపు ఎవరికైనా వద్దనిపిస్తే స్పానరు పట్టుకొని ఒక రోజులో విప్పెయ్యొచ్చు. కొత్తది కొత్తగానే కనిపించాలి, పాతదానికి దెబ్బ తగలొద్దు అన్నది ఆ అమ్మాయి పట్టు. వానా పడుతుంది, వెన్నెలా పడుతుంది, కోతి మాత్రం పైనుంచి చూసి పోతుంది.

గేటు దగ్గరికి వద్దాం. వీధి మొదట్లో కాకతీయ తోరణం కట్టాలన్న తీర్మానం 2024 ఉగాది తర్వాతి సమావేశంలో వచ్చింది. సిమెంటు తోరణం, బంగారు రంగు, పైన లైట్లు, రూ. 4.60 లక్షల కొటేషన్. సరిగ్గా ఆ మే నెలలోనే రాష్ట్ర చిహ్నంలో తోరణం ఉంచాలా తీసెయ్యాలా అని రాష్ట్రమంతా చర్చ నడుస్తోంది. మన మీటింగూ అసెంబ్లీ లెక్కనే అయింది. తోరణం వద్దన్నవాడు ఓరుగల్లు వాడే కాదని ఒకరంటే, ఫంక్షన్ హాలుకూ తోరణమే, బారుకూ తోరణమే, ఇక మనదెందుకని ఇంకొకరు. టెన్షన్ తగ్గించడానికి, ముందు అందరం పోయి అసలు తోరణం చూసొద్దామని నేనే అన్నాను. ఊళ్లోనే ఉన్నా, పదేళ్లుగా కోటలో కాలు పెట్టని వాళ్లు కమిటీలోనే ఐదుగురు తేలారు.

ఆ ఆదివారం పొద్దున ఆరు గంటలకు నలభై మంది దాకా కోటకు పోయాం. రాతికోట దర్వాజాలో దారి నేరుగా లోపలికి పోదు, గోడల మధ్య మెలిక తిరుగుతుంది. గుర్రాల మీద దూసుకొచ్చే శత్రువును ఆపడానికట. మా ఆటో డ్రైవరు "గప్పటి స్పీడ్ బ్రేకర్ ఇది" అన్నాడు. ఈ రాతిగోడకు 45 బురుజులు. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిందని చరిత్ర.

తోరణాలు నాలుగూ స్వయంభూ ఆలయం ఆవరణకు నాలుగు దిక్కులా నిలబడ్డాయి. 1323లో కోట ఢిల్లీ సైన్యాల పాలయ్యాక గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. దగ్గరికి పోయి తల పైకెత్తి చూస్తే సిమెంటు నకలుకూ దీనికీ తేడా తెలుస్తుంది. స్తంభాల నుంచి ఏటవాలుగా లేచిన దిమ్మెలు ఒంపు తిరిగి పై రాతి దూలాన్ని అందుకుంటాయి. ఆ ఒంపును మనం అలంకారం అనుకుంటాం. అది పనిచేస్తోంది. రాతి దూలం పొడవు పెరిగితే మధ్యలో విరుగుతుంది, దిమ్మెలు రెండు పక్కలా చేతులు చాచి ఆ దూరాన్ని తగ్గిస్తాయి. మన నకళ్లలో లోపల ఇనుప చువ్వలు మోస్తుంటే ఆ దిమ్మెలు ఊరికే వేలాడుతుంటాయి. పక్కనే ఖుష్‌మహల్. కాకతీయుల తర్వాతి కాలానిది, లోపలికి వాలిన మందపు గోడలు, పెద్ద కమాన్లు. మనలో చాలామంది అటు తిరిగి కూడా చూడరు, అది మనది కాదన్నట్టు. నాకైతే ఆ రెండూ పక్కపక్కనే ఉండటమే ఓరుగల్లు. లోపల కమాన్ల కింద నిలబడితే, బయట ఎండ అంటుకుంటున్నా చల్లగా ఉంది.

తర్వాతి నెల హనుమకొండ వేయిస్తంభాల గుడికి పోయాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్లు. మేము చూడాలనుకున్నది కల్యాణ మండపం. కుంగిపోయి ప్రమాదంగా ఉందని 2006లో పురావస్తు శాఖ దాన్ని రాయి రాయిగా విప్పింది. 2024 మార్చిలో శివరాత్రి నాడు మళ్లీ తెరిచారు. పద్దెనిమిదేళ్లు. ఈ మధ్యలో పెళ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లు ఇంజనీరింగుకు వచ్చిన సభ్యులు మనలో ఉన్నారు. ఆలస్యాన్ని ఎంత తిట్టుకున్నా ఒకటి ఒప్పుకోవాలి, పునాదిని కాంక్రీటుతో నింపకుండా మళ్లీ ఇసుకతోనే పోశారు. కాకతీయుల పద్ధతి అదే. గుంత తవ్వి ఇసుక నింపి, దాని మీద కట్టడం నిలబెడతారు. భూమి కదిలితే ఇసుక సర్దుకుంటుంది, అదురు పైకి అంతగా ఎక్కదు.

సంక్రాంతి తర్వాత రెండు వ్యాన్లలో రామప్పకు. 70 కిలోమీటర్లు, దారిలో ములుగులో చాయ్. 1213 నాటి శాసనం ఉంది, కట్టించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇవన్నీ బడిపిల్లలు కూడా చెప్తారు. మా గుంపులో పిల్లలు నిలబడిపోయింది మాత్రం శిఖరం దగ్గర. రాతిగుడి మీద ఇటుక శిఖరం ఎందుకు? ఆ ఇటుక నీళ్లలో వేస్తే తేలేంత తేలిక. ఇసుక పునాది మీద పైన ఎంత తక్కువ బరువు ఉంటే అంత మంచిది కదా. పునాదికీ శిఖరానికీ మధ్య లెక్క కుదరాలన్నమాట. నేల బండలు కొన్నిచోట్ల అలల్లా ఎగుడుదిగుడుగా ఉన్నాయి, స్తంభాలు నిలిచే ఉన్నాయి. ఎర్ర ఇసుకరాతి గోడల మీద నల్లరాతి మదనికలను, అంటే ఆడవాళ్ల శిల్పాలను చూస్తూ మా పెద్దమ్మ ఒకావిడ, "గీ పిల్ల ఎత్తు చెప్పులేసుకున్నది సూడు, మనుమరాలి లెక్కనే" అని నవ్వింది. గైడు చెప్పింది నేను సగం మరిచిపోయాను, ఆ మాట మరిచిపోలేదు.

తిరిగొచ్చాక జరిగిన సమావేశంలో గేటు మీద రెండు బొమ్మలు ఓటుకు పెట్టాం. ఒకటి పాత సిమెంటు తోరణం. రెండోది మన వీధి అమ్మాయి గీసింది. రెండు పక్కలా కరీంనగర్ గ్రానైటు దిమ్మెలు, వాటి మీద ఒక ఉక్కు దూలం, దిమ్మె నుంచి దూలానికి ఏటవాలుగా లేచే ఉక్కు పలకలు. తోరణం మీద ఉండే హంసలు లేవు, బంగారు రంగు లేదు. దిమ్మెల కింద రెండు వైపులా కూర్చోవడానికి అరుగులు, ఒక పక్కనున్న వేపచెట్టు నీడ సరిగ్గా అరుగు మీద పడేట్టు. "పెట్రోల్ బంకు లెక్కున్నది" అని మొదటి వ్యాఖ్య వచ్చింది. కానీ కోటకు వచ్చిన వాళ్లు ఆ ఏటవాలు పలకలను చూడగానే గుర్తుపట్టారు. ఎనిమిది ఓట్ల తేడాతో రెండోదే గెలిచింది. ఓడిన వాళ్లలో ఒకరు మీటింగు వదిలి వెళ్లిపోయారు. ఆయన ఇంటికి అధ్యక్షులు, నేను రెండుసార్లు వెళ్లాం. చాయ్ పోశారు, మాట మాత్రం మార్చుకోలేదు. ఖర్చు మొదటిదాని కన్నా దాదాపు రూ. 60 వేలు తక్కువ. అరుగులు పూర్తయ్యాయి, దూలం ఎక్కించాల్సి ఉంది. అరుగుల మీద అప్పుడే పొద్దున పేపరు బ్యాచ్, సాయంత్రం కూరగాయల బ్యాచ్ స్థిరపడ్డాయి.

మిగతావి క్లుప్తంగా. బతుకమ్మ ఎప్పటిలాగే తొమ్మిది రోజులు, సద్దుల రోజు మైకు పాడైంది, ఆడవాళ్ల గొంతులకు మైకు అక్కర్లేకపోయింది. నవంబరులో బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమయ్యాక పిల్లలను తీసుకెళ్లి చూపించాం. 2014లో శంకుస్థాపన జరిగిన భవనం అది. శివనగర్ మెట్లబావి చూద్దామని రెండుసార్లు అనుకొని రెండుసార్లూ వానకు ఆగాం. కాలువ పూడిక తీయించాం, మళ్లీ పూడుతోంది. ఈ ఏడాది ముగ్గురు పెద్దలను పోగొట్టుకున్నాం, లైబ్రరీకి మొదటి బీరువా ఇచ్చిన సారు వాళ్లలో ఒకరు. ఆ బీరువాను కొత్త సున్నం గోడకు జానెడు ఎడంగా పెట్టాం. దయచేసి వెనక్కి నెట్టకండి, గాలి ఆడాలి.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో నోటీసు బోర్డు మీద ఉంది. సున్నం పనికి అనుకున్న దానికన్నా ఎక్కువైంది, సిమెంటు చెక్కడానికే కూలీ పెరిగింది. గేటు దూలానికి ఇంకా కొంత తక్కువ పడుతోంది, చందా బాకీ ఉన్న వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు తెలుసు. వచ్చే ఏడు ముందుగా పడమటి వసారా పెంకులు సర్దాలి. గూనపెంకులు కొత్తవి దొరకడం కష్టం, పాత ఇళ్లు విప్పే చోట ఉంటే మాకు చెప్పండి.

పెరటి తొట్టిలో నానిన సున్నం ఇంకా సగం ఉంది. నీళ్ల కింద ఉన్నంత కాలం పాడవదు. ఇంట్లో పాత గోడలున్న వాళ్లు ఆదివారం పొద్దున వచ్చి తీసుకెళ్లొచ్చు. బకెట్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, పోయినసారి ఇచ్చిన సంఘం బకెట్లు రెండూ ఇంతవరకు తిరిగి రాలేదు.

ఇట్లు,
కార్యదర్శి