నాన్నగారికి, ఆ రెండు చట్రాల గురించి

నెదర్లాండ్స్

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం, మీరు, అమ్మ కుశలంగా ఉన్నారని తలుస్తాను. నా పరిశోధన రెండో అధ్యాయాన్ని గైడ్‌గారు తిప్పి పంపారని ఫోనులో చెప్పినప్పుడు, తప్పెక్కడ జరిగిందమ్మా అని మీరు అడిగారు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. సైద్ధాంతిక చట్రాన్ని, భావనాత్మక చట్రాన్ని ఒకటే అనుకుని రాయడమే నేను చేసిన తప్పు.

లేత నారును ఎడంగా నాటి, నీరు నిలగట్టకుండా పండించే 'శ్రీ' వరిసాగు పద్ధతిని మన వైపు కొందరు నిలబెట్టుకోగా, మరికొందరు ఒకటి రెండు పంటలకే ఎందుకు వదిలేశారన్నది నా ప్రశ్న. కొత్త పద్ధతులు జనంలో ఎలా వ్యాపిస్తాయో వివరిస్తూ ఎవరెట్ రోజర్స్ అనే అమెరికా పండితుడు 1962లో ఒక పుస్తకం వెలువరించారు. కొత్తది పాతదానికన్నా లాభమా, మన అలవాట్లకు ఒదుగుతుందా, నేర్చుకోవడం ఎంత కష్టం, ముందుగా కొద్ది చెక్కలో వేసి చూడవచ్చా, ఫలితం పక్క రైతు కంటికి ఆనుతుందా అన్న ఐదు గుణాలను బట్టే వ్యాప్తి వేగం చాలావరకు ఉంటుందని ఆయన సిద్ధాంతం. అయోవాలో ఆయన తండ్రీ రైతే. హైబ్రిడ్ మొక్కజొన్న వద్దంటూ వచ్చిన ఆ పెద్దాయన, 1936 కరువులో తన పైరు వాడిపోయి పక్కవారి హైబ్రిడ్ పైరు నిటారుగా నిలిచాకే మనసు మార్చుకున్నారట. ఇది చదివినప్పుడు మీరే గుర్తుకొచ్చారు, కోపగించుకోకండి.

ఈ సిద్ధాంతం నాది కాదు. ఎందరో ఎన్నో పంటల మీద పరీక్షించిన దాన్ని నా ప్రశ్నకు ఆధారంగా తెచ్చుకుంటున్నాను. అదే సైద్ధాంతిక చట్రం. నా అధ్యయనంలో ఏయే అంశాలను పరిశీలిస్తాను, వాటిలో ఏది దేని మీద పనిచేస్తుందని అనుకుంటున్నాను అన్నది గళ్లతో, బాణం గుర్తులతో నేనే గీసుకునే పటం భావనాత్మక చట్రం. అందులో రోజర్స్ చెప్పినవీ ఉంటాయి, ఆ ఐదింటిలో లేనివీ ఉంటాయి. శ్రీ పద్ధతిలో 8 నుంచి 12 రోజుల లేత నారును 25 సెంటీమీటర్ల ఎడంతో ఒక్కో మొక్కగా నాటాలి, నీరు నిలగట్టకుండా ఆరుతడి పెట్టాలి. కాలువ శివారు రైతు వంతు వచ్చినప్పుడు మడి నింపుకోవడమే గాని, ఆరబెట్టి మళ్లీ తడిపే వీలు ఆయనకెక్కడిది? ఎకరానికి ఇంతని గుత్తకు నాట్లు వేసే ముఠా ఆ లేత నారుతో అంతసేపు కూర్చుంటుందా? మొదటిసారి నేను రోజర్స్ ఐదు మాటలనే ఐదు గళ్లలో పెట్టి అధ్యాయం ముగించాను. గైడ్‌గారు పక్కన 'ఇందులో మీ ఊరు ఎక్కడ?' అని రాశారు.

పుస్తకాలన్నీ ఈ విషయంలో ఏకాభిప్రాయంతో లేవు. కొందరు రెండు పేర్లనూ ఒకే అర్థంలో వాడతారు. నా పొరపాటుకు అదొక సాకు. అయితే పటంలోని ప్రతి బాణానికీ పూర్వ పరిశోధనో, సిద్ధాంతమో, పొలంలో విన్న మాటో ఆధారంగా చూపాలి. అందుకే మీతో ఒక పని పడింది. శ్రీ నాటుకు ముఠా ఎక్కువ గుత్త అడిగేదా, లేక ఆ పనే వద్దనేదా అని నాట్ల మేస్త్రిని కనుక్కుని రాయగలరు. కూలీల గడి నుంచి బాణాన్ని ఖర్చు వైపు గీయాలో, నేరుగా రైతు నిర్ణయం వైపు గీయాలో దాన్ని బట్టి తేల్చుకుంటాను.

అమ్మకు నమస్కారాలు.

మీ కుమార్తె