పాత గిటార్లకు కొత్త పాలిష్ వద్దు

సంపాదకులకు,

అయ్యా,

చేతితో చేసిన పాత క్లాసికల్ గిటార్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికల్లో అరుదుగా కనిపించే విషయం కనుక సంతోషించాను గానీ, అందులోని రెండు మాటలు పాఠకులను తప్పుదారి పట్టించేలా ఉన్నాయి. ఆ వాద్యాల గొప్పతనమంతా వెనుక వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ అనే చెక్కదేనన్నది మొదటిది. పాతబడిన గిటార్‌కు కొత్తగా పాలిష్ పెట్టిస్తే ధర పెరుగుతుందన్నది రెండవది.

మొదటి మాటకు జవాబు 1862లోనే వచ్చింది. నేటి క్లాసికల్ గిటార్ రూపానికి ఆద్యుడని పేరుపడ్డ స్పెయిన్ దేశస్థుడు ఆంటోనియో దె తోర్రెస్ ఆ ఏడాది వెనుక భాగాన్నీ పక్కలనూ అట్టతో చేసి, తీగల కింద ఉండే పైపలకకు మాత్రం స్ప్రూస్ చెక్క వాడి ఒక గిటార్ కట్టాడు. నాదానికి మూలం పైపలకేనని చూపడానికి చేసిన ఆ వాద్యం బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా ఏళ్ల తరబడి వాయించిన 1864 నాటి తోర్రెస్ గిటార్‌కు కూడా వెనుక ఉన్నది మేపుల్ చెక్కే. వెనుక చెక్క నాదానికి కొంత వన్నె ఇస్తుందన్న మాట నేనూ కాదనను. అయితే అది వన్నె వరకే.

అసలు పనితనమంతా పైపలకలో ఉంటుంది. నార నిలువుగా వచ్చేలా కోసిన స్ప్రూస్ ముక్కను రెండుగా చీల్చి, అంచులు కలిపి అతికి, చిత్రిక పట్టుకుంటూ సుమారు రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందానికి తెస్తారు. ఏ రెండు చెక్కల బిగువూ ఒకటి కాదు కనుక, పలకను వేళ్లతో వంచి, తట్టి విని, ఇంకా ఎక్కడ ఎంత తీయాలో పనివాడు అప్పటికప్పుడు తేల్చుకోవలసిందే. తన రహస్యం బొటనవేలు, చూపుడువేలు కొసలు పలకను తాకి మనసుకు చెప్పే సంగతేననీ, అది తనతోనే సమాధికి పోతుందనీ తోర్రెస్ అన్నట్లు, ఆయన్ను ఎరిగిన ఒక క్రైస్తవ మతాచార్యుడు తర్వాతి కాలంలో రాసిన లేఖ చెబుతోంది. పలక లోపలివైపు విసనకర్ర ఆకారంలో అతికే సన్నని బద్దలు తీగల లాగుడుకు పలక కుంగిపోకుండా ఆపాలి, అదే సమయంలో దాని కంపనానికి అడ్డుపడకూడదు. ఈ పద్ధతి తోర్రెస్ కంటే ముందే స్పెయిన్‌లో ఉంది. ఏడు బద్దలతో దాన్ని పెద్ద గిటార్‌కు చక్కగా కుదిర్చినవాడు ఆయన. కొలతలు తీసుకుంటే చాలదనడానికి హెర్మన్ హౌజర్ సాక్ష్యం. జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన ఈ గిటార్ల తయారీ నిపుణుడు 1924లో స్పెయిన్ గిటార్ విద్వాంసుడు ఆంద్రేస్ సెగోవియా వాయించే గిటార్‌ను పరిశీలించి కొలుచుకున్నా, సెగోవియా మనసుకు పూర్తిగా నచ్చిన వాద్యం 1937లో గానీ హౌజర్ చేతి నుంచి రాలేదు. సెగోవియా దాన్ని 1962 వరకు వాయించారు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఇక పాలిష్ సంగతి. ఆ తరం స్పానిష్ గిటార్ల మీద సాధారణంగా కనిపించేది లక్క పూత. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొరగా రుద్దుతారు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ లక్కే గనుక అది మనకు కొత్త పదార్థం కాదు. ఆ పల్చని పూతను ఉప్పుకాగితంతో గీకి, పైన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ తరహా వార్నిష్ పిచికారీ చేయిస్తే, పూతతో పాటు పలక మందమూ కొంత పోతుంది. రెండు మిల్లీమీటర్ల పలకలో పావు మిల్లీమీటరు పోవడం చిన్న నష్టం కాదు. పైన పడిన దళసరి పొర పలక కదలికను బిగబట్టేస్తుంది. మెరుపు చూసి ముచ్చటపడేవారు ఉండవచ్చు గానీ, తెలిసి కొనేవాడు దానికి ధర తగ్గిస్తాడే తప్ప పెంచడు. అతుకుల విషయమూ ఇంతే. పాత గిటార్లలో వాడిన, చర్మం ఉడికించి తీసే జిగురు వేడి, తడి తగిలితే వదులుతుంది కనుక, పని తెలిసినవాడు పలక చెడకుండా విప్పి మళ్లీ అతకగలడు. అక్కడ ఎపాక్సీ అనే రసాయన జిగురు నింపితే ఆ అవకాశం పోయినట్లే.

విదేశాల నుంచి తెప్పించుకోవాలనుకునే వారికి అవసరమైన ఒక సంగతి వ్యాసంలో లేదు: బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధంలో, అంటే అతి కఠినమైన జాబితాలో, ఉంది కనుక, ఆ చెక్క ఉన్న గిటార్ ఎంత పాతదైనా సరైన అనుమతి పత్రాలు లేకుండా కొని సరిహద్దు దాటించడం కుదరదు.

కనీసం పాలిష్ గురించిన సలహానైనా సవరిస్తూ రాబోయే సంచికలో ఒక వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. తాతల నాటి గిటార్ అటక మీద ఉన్నవారు ఎవరైనా ఆ వ్యాసం నమ్మి దాన్ని ఈపాటికే తలుపులకు రంగులు వేసే దుకాణానికి పంపించే ఆలోచనలో ఉండవచ్చు.

భవదీయుడు,
ఒక గిటార్ విద్యార్థి,
కాకినాడ