ఆ పసుపు పూలు మన గుంటగలగర కాదు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో కాలువ గట్టు సుందరీకరణ వార్త చూశాను. ఫొటో నిండా పసుపు పూలే. కింద ‘ఔషధ గుణాలున్న గుంటగలగర’ అని రాశారు. ఒక్క తప్పుకి ఉత్తరం ఎందుకులే అని ఊరుకున్నాను. నిన్న ఆ గట్టు మీదే ఒకావిడ ఆ ఆకు సంచీ నిండా కోసుకుంటున్నారు. తలనూనెలోకి అట! ఇక ఊరుకోలేకపోయాను.

గుంటగలగర పువ్వు తెల్లగా ఉంటుంది. ఆ ఆకూ బొగ్గూ కలిపి పలకలకి రుద్దినవాళ్లం ఇంకా చాలామందిమి ఉన్నాం, అడిగితే చెప్పేవాళ్లం. పసుపు పూలు పూసే రకం కూడా మనకి ఉంది, కాదనను. బోదెల పక్కన, చేలగట్ల మీద చెమ్మ ఉన్నచోట పాకుతుంది. దాని ఆకు సన్నగా, కోలగా ఉంటుంది. గట్టు మీద వేసినదాని ఆకు నిగనిగలాడుతూ మూడు మొనలుగా చీలి ఉంది. ఇదీ పొద్దుతిరుగుడు కుటుంబమే గానీ, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపు నుంచి వచ్చిన వెడీలియా. కణుపు కణుపుకీ వేరు వేసుకుంటూ పోయి మిగతా మొక్కల్ని తొక్కేస్తుంది. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని చేర్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దీన్ని అమ్మకూడదు. మనమేమో టెండరు పిలిచి మరీ నాటించుకున్నాం.

గుర్రపుడెక్కనీ పువ్వు బాగుందనే దేశంలోకి తెచ్చారు. కాలువలు కట్టేసినప్పుడల్లా దాన్ని లాగించడం ఇప్పుడు ఒక పని. కోనోకార్పస్ చెట్లదీ అదే వరస, నాటినవాళ్లే రంపాలు పట్టుకుని తిరుగుతున్నారు. నాటడానికో బిల్లు, పీకడానికో బిల్లు. ఈ మొక్కలు నాటించిన ఆఫీసుకి ఫోన్ చేసి చెబితే ‘పూలు బాగానే ఉన్నాయి కదా మేడమ్, మీకేంటి ఇబ్బంది?’ అన్నారు. మా వీధి డ్రెయిన్‌లో పూడిక తీయమని రెండేళ్లుగా అడుగుతున్నాం, నిధుల్లేవట. ‘ఐ లవ్’ అంటూ ఊరి పేరుతో లైట్ల బోర్డుకి మాత్రం ఉన్నాయి. ఆ లైట్లూ సగం వెలగడం లేదు, అది వేరే సంగతి.

జూన్‌లో నీళ్లు వదలకముందే ఆ మొక్కలు పీకించాలి. పీకినదాన్ని కాలువలోకి తోసెయ్యకుండా (అలవాటు కదా, అందుకే చెబుతున్నాను) రోడ్డు మీద పరిచి పూర్తిగా ఎండనివ్వాలి. ఒక్క కణుపు కొట్టుకుపోయినా శివారు చేలలో తేలి అక్కడ వేరు పట్టేస్తుంది.

మీరు కూడా ఆ ఫొటోకి సవరణ వెయ్యండి. సంచీ పట్టుకొచ్చినావిడ మీ పేపరు చదివే వచ్చారట.

– ఓ పాఠకురాలు, కోనసీమ