90 టన్నులు అన్నప్పుడు పక్కనే మొత్తం ఎంతో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పాఠం మధ్యలో లేచి, "సార్, భూమ్మీద గాలి రోజూ అంతరిక్షంలోకి పోతోందంట, మనకు ఆక్సిజన్ అయిపోతుందా?" అని అడిగింది. ఫోన్‌లో చూసిన వీడియోలో రోజుకు 90 టన్నులు పోతోందన్నారట. అది అబద్ధం కాదు. యూరప్ అంతరిక్ష సంస్థ చెప్పే అంకే అది. కానీ భూమి చుట్టూ ఉన్న గాలి మొత్తం ఎంతో ఆ వీడియోలో లేదు. అది సుమారు 5,000 లక్షల కోట్ల టన్నులు. ఇద్దరం కలిసి బోర్డు మీద భాగించాం. ఇదే లెక్కన గాలి ఖాళీ కావాలంటే 15,000 కోట్ల ఏళ్లు పడుతుంది. సూర్యుడి ఆయుష్షే ఇంకో 500 కోట్ల ఏళ్లు. రెండు రాత్రులుగా సరిగా నిద్ర పట్టలేదని అప్పుడు చెప్పిందా పిల్ల.

భయపెట్టే తొందరలో అసలు అద్భుతాన్ని వదిలేశారన్నదే నా బాధ. ధ్రువాల దగ్గర భూ అయస్కాంత బలరేఖలు అంతరిక్షంలోకి తెరుచుకుని ఉంటాయి. పై వాతావరణంలో ఎండ దెబ్బకు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అవి మరీ తేలిక, పైకి ఎగిరిపోవాలని చూస్తాయి. ఎలక్ట్రాన్లు ఊడిపోగా మిగిలిన బరువైన భాగాలు, అంటే అయాన్లు, కిందే ఉండిపోవాలని చూస్తాయి. ఆ రెంటినీ విడిపోనివ్వని విద్యుత్ క్షేత్రమొకటి పుట్టి అయాన్లను పైకి లాగుతుంది. ఇలా ఎగిసిపోయే ప్రవాహానికి 1968లోనే 'పోలార్ విండ్' (ధ్రువ పవనం) అని పేరు పెట్టారు. ఆ క్షేత్రాన్ని కొలవడానికి మాత్రం 2022 మే 11న నాసా వారి ఎండ్యూరెన్స్ రాకెట్ ఎగిరేదాకా ఆగాల్సి వచ్చింది. 248 కిలోమీటర్ల ఎత్తు నుంచి 768 కిలోమీటర్ల దాకా వోల్టేజి తేడా 0.55 వోల్టు, అంతే!

గోడ గడియారంలోంచి పెన్సిల్ సెల్ తీసి పిల్లల చేతికిచ్చాను. ఇది ఒకటిన్నర వోల్టు, ఇందులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, ఆ పాటి బలమే హైడ్రోజన్ అయాన్‌ను భూమి లాగే దానికి పది రెట్లకు పైగా పైకి తోస్తుంది అన్నాను. సెల్ చేతులు మారుతూ వెనక బెంచీ దాకా వెళ్లింది. గడియారం ఆగిపోయిన సంగతి బెల్లు కొట్టేదాకా ఎవరికీ పట్టలేదు.

ఆ రాకెట్ లేచింది ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లోని నై-ఆలెసుండ్ నుంచి. 2008 నుంచి మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. ఇక పెద్ద రాడార్‌తో వాతావరణాన్ని గమనించే గాదంకి కేంద్రం మా బడికి బస్సు దూరంలోనే ఉంది. మా పిల్లల్లో ఎక్కువమందికి ఈ రెండు పేర్లూ కొత్తే.

ఇలాంటి వార్త వేసేటప్పుడు పోయేదెంతో రాసిన చోటే ఉన్నదెంతో కూడా వేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. వారానికి అర పేజీ అయినా విజ్ఞానానికి కేటాయిస్తే, హిమాద్రిలో, గాదంకిలో మనవాళ్లు ఏం చేస్తున్నారో తెలుగులో రాయించండి. బడిలో ఉదయం ప్రార్థన తర్వాత వార్తలు చదివేది ఈ పిల్లలే.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తిరుపతి జిల్లా